తలుపు ఆగిన చోటు

మా పిల్లకు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. దసరా సెలవుల్లో కాలేజీ ఆటల మేడమ్ నలుగురు ఆడపిల్లల్ని మంగళూరు పక్కన ముల్కి అనే ఊరికి తీసుకెళ్తానంది. అక్కడ సముద్రంలో అలల మీద పలక వేసుకుని, దానిమీద లేచి నిలబడడం నేర్పిస్తారట. సర్ఫింగ్ అంటారట. శనివారంలోపు ఇంటి పెద్దల సంతకం కావాలి. దాని తండ్రి లారీ మీద ఎక్కడో ఒడిశాలో ఉన్నాడు కాబట్టి ఆ సంతకం నాదే.

"సముద్రంల పలకమీద నిలబడి ఏం ఏలుతవే పోరీ? ఆరిన బట్టలు మడత పెట్టమంటే చేతులు పడిపోతయి నీకు!" అని తిట్టాను. తిడుతూనే టేపు తీసుకుని కొలతలు తీశాను. నా సంగతి అంతే. గద్వాలలో జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నాను. సాగే బట్ట తెప్పించి, మెడ నుంచి మడమల దాకా ఈత డ్రెస్సు నేనే కుట్టాను. రాయచూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు అని అది గోడకు కాగితం అంటించింది. అక్కడ అన్నం దొరుకుతుందా, మూడు పూటలా చేపలేనా అని నేను రోజూ అడిగేదాన్ని. అది నవ్వేది. నిజం చెప్పాలంటే సముద్రం నేనూ చూడలేదు, నాకూ లోపల సంబరంగానే ఉండేది.

ఈత దానికి వచ్చు. చిన్నప్పుడు మా వాళ్ల పొలం బావిలో వీపుకు బెండు కట్టుకుని నేర్చుకుంది. కానీ నీళ్ల మీద కదిలే పలకపై లేచి నిలబడడం ఎక్కడ సాధన చేయాలి? దాని కన్ను నేను బట్ట కత్తిరించుకునే బల్ల మీద పడింది.

అది బల్ల కాదు, తలుపు. మా పాత ఊరు డ్యాం నీళ్లలో మునిగింది. ఖాళీ చేసేటప్పుడు అందరూ ఇళ్ల తలుపులూ దూలాలూ విప్పుకుని బండ్లకెత్తుకున్నారు. నాకప్పుడు నాలుగేళ్లు. సర్కారు కాలనీలో ఇచ్చిన ఇంటికి మా తలుపు పట్టలేదు. కుట్టు మొదలుపెట్టాక దాన్ని రెండు స్టూళ్ల మీద వేసుకున్నాను. ఇప్పుడు దానికి అటొకటి ఇటొకటి ఖాళీ నీళ్ల డబ్బాలు కట్టి, ఆటో ట్రాలీలో వేసి డ్యాం నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. ఆ నీళ్లు ముంచిన ఇంటి తలుపును మళ్లీ ఆ నీళ్లకే తీసుకెళ్తున్నామని నాకు తట్టనేలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చేపలు పట్టే ముసలాయన ఒకరు తన పుట్టిలో, అదే గుండ్రటి పడవలో, తోడొచ్చాడు. తలుపుకు కట్టిన తాడు ఆయన చేతిలో ఉంది. పొద్దున పది గంటలు, ఎండ బాగా కాస్తోంది. పిల్ల తలుపు మీద బోర్లా పడుకుంది. గాలి నీళ్ల మీది నుంచి నా ముఖానికి కొడుతోంది. తలుపు మాత్రం ఆ గాలికి ఎదురు పోయింది. పిల్ల చేతులతో నీళ్లు తోయడం కూడా లేదు. కొంత దూరం పోయి ఆగింది. చుట్టూ నీళ్లు కదులుతున్నాయి, తలుపు కదలడం లేదు.

ముసలాయన వెనక్కి లాగి, ఇంకో పక్క నుంచి వదిలాడు. మళ్లీ అక్కడికే పోయింది. మూడోసారీ అంతే.

"ఇయ్యాల్టికి చాలు బిడ్డా" అన్నాడాయన నావైపు చూడకుండా.

పిల్లకు మాత్రం పండగే. "అమ్మా, ఆడ ఐతేనే నిలబడనీకి వస్తదే! కిందినుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంది" అంది. నేను దాని రెక్క పట్టుకుని ట్రాలీ ఎక్కించాను.

ఇంటికొచ్చి సంతకం పెట్టనని చెప్పేశాను. అది ఏడ్చి, అన్నం తినకుండా పడుకుంది. మా అమ్మ మంచం మీద నుంచి అంతా వింటోంది. ఆమె పాత ఊరి మాట ఎన్నడూ ఎత్తదు.

"ఏడ ఆగింది?" అని అడిగింది.

"రెండు గుట్టల నడుమ. తాడిచెట్టుకు సీదా. మనింటికి పోయిందేమో లేమ్మా తలుపు" అని నవ్వబోయాను.

"మనిల్లు ఆడ లేకుండె" అంది అమ్మ. "రేపు నన్ను తీసుకపో."

మర్నాడు ఆటోలో తీసుకెళ్లాం. తలుపు మళ్లీ అక్కడికే పోయి ఆగింది. నేను వద్దంటున్నా వినకుండా ఎక్కిన పిల్ల దాని మీద లేచి, చేతులు చాచి నిలబడింది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.

"అది కబరస్తాన్. మీ అక్క ఉన్న జాగ."

నాకంటే ముందు ఒక అక్క పుట్టి, ఆరేళ్లకు జ్వరంతో పోయిందని తెలుసు. ఎక్కడ పూడ్చిపెట్టారని నేనెప్పుడూ అడగలేదు. నాకు సిగ్గనిపించింది.

"మస్తుమంది తమ పిల్లల గోరీల మట్టి మూటగట్టుకుని తెచ్చుకున్నరు. నేనూ మీ నాయన్ను అడిగిన. బండిల జాగ లేదన్నడు" అంది. నీళ్ల మీదికి చెయ్యి చూపి, "తలుపుకు ఉండె జాగ" అంది.

పిల్లను వెంటనే పుట్టిలోకి ఎక్కించమని అరిచాను. ఎక్కింది. ముసలాయన ఒడ్డుకు వచ్చి తాడు లాగితే ఖాళీ తలుపు రాలేదు. నేను మోకాటి లోతు దిగి ఆయనతో కలిసి లాగాను. అరచేతులు కోసుకుపోయాయి. ఒడ్డున అమ్మ పోయినవాళ్ల కోసం ఫాతిహా చదువుతోంది. అది పూర్తయ్యాక తలుపు ఒక్కసారిగా తేలిగ్గా వచ్చేసింది. అడుగున నాచు లేదు, తీగ లేదు. దేనికి తట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల సంతకం కాగితం నా ముందు పెట్టింది. "చంపుతా! ఈ నీళ్లే ఇట్లుంటే సముద్రానికి పంపుతనా?" అన్నాను. "నాకు భయమైతుందే" అంటూ కాగితాన్ని పక్కకు నెట్టాను.

"నలభై ఏండ్లు మనసుల ఆ తప్పు మీ నాయన మీద పెట్టిన" అంది అమ్మ. దేని గురించి అంటోందో మొదట అర్థం కాలేదు. "ఒడ్డున చెప్పింది అబద్ధం. ఆయన కబరస్తాన్ కాడ బండి ఆపిండు. పార నా చేతికిచ్చి, దా, ఇద్దరం పోయి తెచ్చుకుందమన్నడు. నీళ్లు బాట దాకా వచ్చినయి. నాకు భయమైంది. బండి తోలుమన్న."

పిల్ల అవ్వ చేయి పట్టుకుంది. నేను పెన్ను అడిగాను. ఆటో కుదుపులకు నా పేరు వంకరటింకరగా పడింది. పిల్ల ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేనే దిగలే. నేనే" అంటూనే ఉంది.