అత్త కునుకు తీసే సీటు

నా బస్సులో అందరూ నిద్రపోతారు. పొద్దున్న షిఫ్టుకి ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లు ఎక్కేటప్పుడే చేతిలో టిఫిన్ డబ్బా, కళ్లలో సగం మిగిలిన నిద్ర తెచ్చుకుంటారు. గాజువాక దాటకముందే తలలు ఒక్కొక్కటిగా వాలిపోతాయి. తోటి డ్రైవర్లకి ఇదో వేళాకోళం.

"నీది బస్సు కాదు బావ, ఉయ్యాల. ఊపడానికి జీతమిస్తన్నారు నీకు" అంటారు.

అననివ్వండి. బండి నడిపేవాడు మేలుకుని ఉన్నాడని నమ్మితేనే వెనక కూర్చున్నవాడు కన్ను మూస్తాడు. అంతకు మించిన సర్టిఫికెట్ డ్రైవరుకి లేదు. నాకైతే అది ఊరికే రాలేదు. ఒకసారి చేజేతులా పోగొట్టుకుని, పట్టుబట్టి మళ్లీ సంపాదించుకున్నాను. ఇచ్చింది ఆర్టీవో కాదు, యారాడలో చేపలమ్మే ఒకావిడ.

ఇరవై దాటిన కొత్తలో నాకు లైసెన్సు వచ్చింది. డ్రైవింగ్ రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికొచ్చి మల్కాపురంలో స్థిరపడ్డారు. ఆయన కొడుకు ఎక్కడా స్థిరపడకుండా తిరుగుతున్న రోజులవి. కాలేజీలో నా పక్క బెంచీవాడు యారాడ జాలరి కుర్రాడు. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. ఆ వరసన వాళ్లమ్మ నాకు అత్త అయింది. వాళ్లింట్లో చేపలు తోలడానికి ఓ మినీ వ్యాన్ కొన్నారు. బావకి పడవంటే ప్రాణం, వ్యాన్ అంటే వాంతి. సముద్రం ఎంత ఊపినా చెక్కుచెదరని మనిషి, ఘాట్ రోడ్డు రెండో మలుపుకే తల కిటికీ బయట పెట్టేవాడు. అలా స్టీరింగ్ నా చేతికొచ్చింది.

యారాడ నుంచి ఊళ్లోకి రావాలంటే కొండ ఎక్కి దిగాలి. ఇంకో దారి కావాలంటే సముద్రమే. రోజూ పొద్దున్నే ఒడ్డున ట్రేలు ఎక్కించుకుని, కొండ దాటి, మల్కాపురం మార్కెట్లో దింపడం నా పని. క్యాబిన్‌లో నా పక్కన ఒక్కరికే చోటు. అది అత్తది.

అత్త చీకటుండగానే పడవ కోసం ఒడ్డున నిలబడేది. పడవ మీద కొడుకు ఉన్నాడు మరి. వాడు కాలు కింద పెట్టాక చేపలు ఏరడం, ఐసు కొట్టడం, ట్రేలు నింపడం. మార్కెట్లో దిగాక ఎండ వాలేదాకా కేకలు, బేరాలు. ఈ రెంటికీ నడుమ కొండ దారి ఒక్కటే ఆవిడ సొంతం. గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట, చుట్టకుదురు అంటారే, అది తీసి తలకీ కిటికీకీ మధ్య ఇరికించుకునేది.

"మార్కెట్టొచ్చీసినాక లెగ్గొట్టు అల్లుడూ" అనేది. కొండ ఎక్కడం పూర్తయ్యేలోగా గురక.

ఆవిడ పడుకున్నాక బండి నా ఇష్టారాజ్యం. మెలకువగా ఉన్నవాళ్ల ముందు తొందర చూపిస్తే తిడతారు. నిద్రపోతున్న మనిషి ఎవరికి ఫిర్యాదు చేస్తుంది? ఒంటి చేత్తో స్టీరింగ్, రెండో చెయ్యి కిటికీ మీద. మలుపులో హారన్ కొడితే బ్రేకు కొట్టక్కర్లేదని నా సిద్ధాంతం.

అన్నిటికంటే పెద్ద విద్య దిగేటప్పుడు ఇంజన్ ఆపెయ్యడం. గేరు న్యూట్రల్‌లో వేసి, తాళం కాస్త వెనక్కి తిప్పితే బండి చప్పుడు లేకుండా జారిపోయేది. డీజిల్ మిగులుతుందని పైకి చెప్పేవాణ్ని. నిజానికి ఆ నిశ్శబ్దం కోసమే. రెండు వర్గాలు కొట్టుకునే చోట న్యూట్రల్‌గా ఉన్నవాడు పెద్దమనిషి. కొండ మీద న్యూట్రల్‌గా ఉన్నవాడు ఏమవుతాడో నాకప్పటికి తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొండ మీద టీ బడ్డీ పక్కన కాస్త చదునైన చోటుంది. చేపల బళ్లన్నీ అక్కడ ఆగేవి. దారిలో ఐసు కరిగి బండి తొట్టెలో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు ఊళ్లో కారితే వెనక స్కూటర్లవాళ్లు ఊరుకోరు. అందుకని అందరం వెనక తలుపు దించి, ఆ కంపునంతా కొండ మీదే వదిలించుకుని, మర్యాదస్తుల్లా ఊళ్లోకి దిగేవాళ్లం. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని నేనెప్పుడూ ఆలోచించలేదు. నీళ్లు పల్లానికి పోతాయన్న సంగతి మూడో తరగతిలోనే చెప్పారు. ఆ రోజు బడికి వెళ్లానో లేదో.

ఆ పొద్దున్న నేను పైన నీళ్లు వదిలి, టీ తాగుతూ నిలబడ్డాను. ఈలోగా యారాడ బస్సు నన్ను దాటిపోయింది. వెనక కిటికీలోంచి చేపలమ్మే ఆడవాళ్లు చేతులూపారు.

"ఏటి బాబూ, నీ బండికి కూడా టీ పోసీ, లెగుత్తాది!" అని ఒకావిడ అరిచింది.

పౌరుషం నాకు టీకంటే ముందు మరుగుతుంది. గ్లాసు పడేసి ఎక్కాను. అత్త అప్పటికే గురకలో ఉంది. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో జార్చాను. చప్పుడు లేకుండా వెళ్లి బస్సుని దాటేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలని నా పథకం. దాటాను కూడా. చెయ్యి ఊపుతుండగా మలుపొచ్చింది.

రోడ్డంతా తడి. వాన లేదు, మంచు లేదు. బ్రేకు తొక్కితే రాయి తొక్కినట్టుంది. ఇంజన్ ఆపితే బ్రేకు బిగుసుకుపోతుందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ని కాదు. "నీకో బ్రేక్ రావాల్రా" అని మా నాన్న ఎప్పుడూ దీవిస్తుండేవారు. రావలసిన చోట అది రాలేదు. బండి అడ్డంగా తిరిగి, లోయ వైపు ఒకసారి తొంగి చూసి, నా అదృష్టం కొద్దీ కొండ వైపు మట్టిగట్టుకి గుద్దుకుంది.

వెనక ట్రేలన్నీ రోడ్డు మీద. కానాగంత చేపలు వెండి నాణేల్లా చెల్లాచెదురయ్యాయి. ఒక వంజరం చేప మాత్రం ఎగిరొచ్చి నా ముందు అద్దం మీద పడి నన్ను నిలదీస్తున్నట్టు చూస్తోంది. అత్త కళ్లు తెరిచింది. కుడి మణికట్టు పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగింది.

బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్లు దిగి, కొంగులు బిగించి, చేపలు ఏరడం మొదలుపెట్టారు. అత్త ఏరలేదు. తడి గుర్తు వెంట పైకి చూసింది. అది మలుపు నుంచి తిన్నగా కొండ మీద నేను బండి ఆపిన చోటికే వెళ్లింది.

"ఇయి మన నీలే కదేటి" అంది. "మనం ఒంపీసినాం, మనమే జారిపోనాం."

"అత్తా, సెయ్యి..." అన్నాను.

"నా కొడుకు సముద్రం మీద ఉన్నంతసేపూ ఒడ్డున కన్నార్పను నాను. ఈ కొండ మీదైనా కన్ను మూసుకుందుమనుకున్నాను." గొంతు పెంచలేదు. "ఇంక నీ బండెక్కను, అల్లుడూ."

చుట్టకుదురు ఎడం చేత్తో దులుపుకుని బస్సెక్కేసింది.

మణికట్టు ఎముక చిట్లింది, కట్టు కట్టారు. సాయంత్రం బావ వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అమ్మ తిట్టిందేటి?" అన్నాడు.

"లేదు."

"అస్సలు తిట్టలేదేటి?"

"లేదు బావ."

వాడు తల పట్టుకున్నాడు. "అయితే అయిపోనావు. మాయమ్మ తిట్టలేదంటే నిన్ను మనసులోంచి తీసీసినట్టే."

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. అత్తని మళ్లీ ఎక్కించుకోవాలి. ఎక్కించుకోవడం ఒక్కటే చాలదు, నిద్రపుచ్చాలి. జోలపాడి కాదు, గేరు వేసి.

బండి బాగుచేయించగానే బావనీ, ఓ గునపాన్నీ, పారనీ వెంటబెట్టుకుని కొండ మీదికి వెళ్లాను. బళ్లు ఆగే చోటి నుంచి కొండవార మురుగుకాలవ దాకా మట్టిలో ఓ చిన్న కాలవ తవ్వడం మొదలుపెట్టాం. నేల మెత్తగా కనపడింది గానీ లోపలంతా రాయే. చేతులు బొబ్బలెక్కాయి. ఆగిన వ్యాన్లవాళ్లు గట్టు మీద కూర్చుని టీ తాగుతూ వినోదం చూశారు.

"ఏటి బావ, కొండ మీద వరి ఏత్తన్నావేటి?"

"నీటి తీరువా కట్టాలేటి మేము?"

"కట్టక్కర్లేదు, బండి కొంచెం ఇటు పెట్టి ఒంపండి సాలు" అన్నాను.

నవ్వారు. కానీ కాలవ పూర్తయ్యాక వాళ్లూ అక్కడే పెట్టారు. ఆ మలుపు వాళ్లకీ ఉంది మరి.

రెండోది గేరు. ఇంజన్ ఆగకుండా, రెండో గేరులో, కొండ పైనుంచి కిందిదాకా. చెప్పడానికి సులువు. యవ్వనంలో ఉన్నవాణ్ని రెండో గేరులో పెట్టి చూడండి, ఒళ్లంతా దురద పుడుతుంది. వెనక నుంచి వచ్చినవాడల్లా హారన్ మోగించి దాటిపోయేవాడు. నా కుడికాలు ఎవరిదో అన్నట్టు దాని పని అది చేసెయ్యబోయేది. ఎడం చేత్తో మోకాలు వెనక్కి లాగి పట్టుకున్న రోజులున్నాయి.

అత్త బస్సులోనే వెళ్తోంది. చేపల వాసనకి మిగతా ప్రయాణికులు గొణుగుతారని ఆవిణ్ని గంపతో సహా చివరి సీటుకి తోసేవారు. కట్టున్న చెయ్యి ఒళ్లో, రెండో చెయ్యి గంప మీద. అలా పట్టుకుని కూర్చున్న మనిషికి నిద్రెక్కడిది? నేనెలా నడుపుతున్నానో ఆవిడ కళ్లారా చూడాలని, మిగతా ట్రేలు ఎక్కించుకున్నాక, నేను రోజూ ఆ బస్సు వెనకే, బాగా ఎడం వదిలి, దిగేవాణ్ని. దాటే అవకాశం వచ్చినా దాటేవాణ్ని కాదు. బస్సు వెనక అద్దంలోంచి అత్త నన్ను చూస్తూ ఉండేది. చూడనట్టు చూసేది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ అలాగే చూస్తారు.

బస్సులో పక్కావిడ ఊరుకునేది కాదట. "ఓలమ్మ, పెల్లికూతుర్ని దింపడానికి ఎల్తన్నట్టున్నాడు సూడు, అంత మెల్లగాన!"

అత్త నవ్వేది కాదట. నేనూ తగ్గలేదు. అంటే, వేగం తప్ప ఏదీ తగ్గించలేదు.

కట్టు విప్పాక కూడా అత్త బస్సు మానలేదు. వానాకాలం వచ్చింది. ఓ పొద్దున్న బస్సు రాలేదు. యారాడ స్టాపులో అత్త గంప కిందపెట్టి, నెత్తిన ప్లాస్టిక్ కవర్ కప్పుకుని నిలబడి ఉంది. బండి ఆపి, లోపలి నుంచి తలుపు తీశాను. బతిమాలలేదు. బతిమాలితే కాదంటుందని తెలుసు.

అత్త దారి వైపు చూసింది, నా వైపు చూసింది. "బస్సు రాదేటి?"

"తెలీదత్తా. నాను మాత్రం రెండో గేరే."

గంప వెనక్కి అందించి ఎక్కింది. చుట్టకుదురు ఒళ్లో పెట్టుకుని, పైన హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుంది. కొండ దిగేంతవరకు రెప్ప వెయ్యలేదు. "అదిగో గొయ్యి... ఆడెవడో వత్తన్నాడు... హారనేటి, బ్రేకెయ్యి." మలుపు దగ్గర తల బయటపెట్టి రోడ్డు చూసింది. వాన తడి ఉంది, చేపనీళ్ల జిగట లేదు. మేం తవ్విన కాలవ నీళ్లు కొండవార మురుగుకాలవలో ఎర్రగా పారుతున్నాయి. మలుపు తిరిగేదాకా ఆవిడ దాన్నే చూసింది.

మర్నాడు బస్సు వచ్చింది. అత్త నా బండే ఎక్కింది. నేను లోలోపల ఎగిరి గంతేశాను గానీ, అది సగం విజయమే. చుట్టకుదురు ఇంకా ఒళ్లోనే ఉంది. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి. నన్ను నమ్మి ఎక్కలేదు, కనిపెట్టుకుని ఉండడానికి ఎక్కింది. సరే, ఉండనీ అనుకున్నాను. నాకు రెండో గేరు ఉంది, ఓపిక కొత్తగా వచ్చింది. రోజులు గడిచాయి. ఒక చెయ్యి హ్యాండిల్ వదిలింది. ఆ తర్వాత రెండోదీ వదిలింది. ఓ రోజు గొయ్యి గురించి చెప్పడం మరిచిపోయింది.

వానలు వెనకబట్టిన ఒక పొద్దున, మలుపు దాటి పోర్టు క్రేన్లు కనపడే చోటికి వచ్చాక, పక్క నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఇంజన్‌లో ఏదో వదులైందనుకుని చెవి ఒగ్గాను. అది గురక. కిటికీకీ తలకీ మధ్య చుట్టకుదురు.

మిగిలిన దారంతా నేను పాలకుండ నెత్తిన పెట్టుకున్నట్టు నడిపాను. మార్కెట్ దగ్గర, కాస్త నీడ చూసి ఆపాను. ఇంజన్ ఆపితే ఆ తేడాకి లేస్తుందేమోనని ఆపలేదు. డీజిల్ పోతే పోనీ. చేపలమ్మే ఆడవాళ్లు బండి చుట్టూ చేరారు. నోటి మీద వేలు పెట్టుకున్నాను. వాళ్లు లోపలికి తొంగి చూసి, ఒకరి భుజం ఒకరు పొడుచుకుని, గొంతులు తగ్గించారు. మల్కాపురం చేపల మార్కెట్లో అలాంటి నిశ్శబ్దం నేను మళ్లీ వినలేదు.

ఎండ అద్దం మీదికి వచ్చేసరికి అత్త లేచింది. ఒక క్షణం ఎక్కడుందో అర్థం కాలేదు. తర్వాత బజారు చూసింది, ఎండ చూసింది, నన్ను చూసింది.

"ఓరి నీ సోద్దెం కాల! మార్కెట్టొచ్చీసినాక లెగ్గొట్టమన్నానా లేదా? బోణీ ఏల ఎల్లిపోనాది! నీ మొకం సూసి కొంటారేటి సేపలు? పల్లికిలిస్తన్నావేటి గుంటడా, ట్రేలు దింపు!"

దింపాను. తిట్లు అయిపోతాయేమోనని, ఒక్కొక్కటే, మెల్లగా దింపాను.