నల్లబల్ల దగ్గర మరియమ్మ

1992. రేపల్లెలో ఒక ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరాను. పదో తరగతి తప్పినవాళ్ళను మళ్ళీ పరీక్షకు తయారుచేసే చోటును మా వైపు ట్యుటోరియల్ అంటారు. ఐదు నెలల పాపను తెనాలిలో అమ్మ దగ్గర వదిలి రోజూ రైల్లో వెళ్ళివచ్చేదాన్ని.

"చంటిపిల్లల తల్లులు నాలుగు రోజులొస్తే రెండు రోజులు రారు. చూసి చెబుతాను," అన్నారు ప్రిన్సిపాల్. ఆ చూడడానికే ఒకరోజు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

వై అక్షరంతో ముగిసే మాటల పాఠం అది, రెండో రోజు. వై ముందు హల్లు ఉంటే, చివర ఏదైనా చేర్చేటప్పుడు వై తీసి ఐ రాయాలి. ఐఎన్‌జీ చేరిస్తే మాత్రం వై అలాగే ఉంటుంది. అందరిచేతా వల్లె వేయించాను.

"బేబీ, బేబీస్! క్రై, క్రైడ్, క్రయింగ్!"

క్లాసంతా అలా అరుస్తుంటే పాపకు పాలవేళ దాటిందని గుర్తొచ్చింది. అంతే, పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. పుస్తకం అడ్డం పెట్టుకుని బోర్డు వైపు తిరిగిపోయాను.

"ఏంటి మేడం, ఆగిపోయారు?" వెనక నుంచి ప్రిన్సిపాల్.

ముందు బెంచీలోంచి మరియమ్మ లేచింది. చెరుకుపల్లి నుంచి వచ్చేది, ముప్పై దాటిన మనిషి. ఆయా ఉద్యోగానికి పదో తరగతి కావాలని చేరింది. కుర్రాళ్ళు ఆమెను పెద్దమ్మా అని ఏడిపించేవాళ్ళు.

"క్రయింగు నేను రాస్తానండి," అంటూ నాకూ క్లాసుకూ మధ్య నిలబడి సుద్దముక్క అందుకుంది. "మీరు కుళాయి దగ్గరికి పోయిరండి," అంది గొంతు తగ్గించి.

పైట నిండుగా కప్పుకుని తిరిగొచ్చేసరికి క్లాసంతా నవ్వుతోంది. బోర్డు మీద క్రయింగ్‌లో వై లేదు, రెండు ఐలు ఉన్నాయి.

"పెద్దమ్మకి ట్యూబులైటు ఇంకా వెలగలా సార్!"

"ఇదేంటమ్మా, ఇందాకేగా చెప్పింది? ఫీజు దండగ," అని ప్రిన్సిపాల్ కూడా నవ్వారు.

నన్నెవరూ చూడలేదు. ముందురోజు పెట్టిన చిన్న పరీక్షలో ఆ మాటను ఆమె సరిగ్గా రాసింది. దిద్దింది నేనే. ఆవిడకు వచ్చు సార్ అనే మాట నోటిదాకా వచ్చింది. మరెందుకు తప్పు రాసిందని అడిగితే? నోరు మూసుకుని బోర్డు తుడిచాను.

సాయంత్రం మెట్ల దగ్గర అడిగాను. "వచ్చి కూడా తప్పెందుకు రాశావక్కా?"

"నన్ను చూసి నవ్వటం వాళ్ళకి అలవాటేగా అండి. మిమ్మల్ని చూసి నవ్వితే రేపట్నించి మీరు రారు. నాకెవరు చెప్తారు పాఠం?" అని తనే నవ్వేసింది.

ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు బాపట్లలో చెబుతున్నాను. రెండోవాణ్ణి నిద్రపుచ్చి ఇది రాస్తుంటే, తడిసిన జాకెట్టు కన్నా బోర్డు తుడిచిన నా చెయ్యి గుర్తొస్తేనే ఎక్కువ సిగ్గనిపిస్తోంది. నా క్లాసులో ఎవరు తప్పు రాసినా మిగతావాళ్ళను నవ్వనివ్వను. అందుకని పిల్లలు నన్ను స్ట్రిక్టు మేడం అంటారు.