వెండెల్ టోపీ తీసిన శుక్రవారం

మా డ్రై ఫోర్క్ ఊళ్ళో వెండెల్ హోల్కాంబ్ బట్టతల గురించి నాకు తెలిసినంత వాళ్ళావిడకి కూడా తెలియదని ఒకప్పుడు వేళాకోళమాడేవాణ్ణి. నాకు మెయిన్ స్ట్రీట్‌లో సెలూన్ ఉంది. నెలకోసారి వచ్చి కుర్చీలో కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చెవుల వెనక మిగిలిన నాలుగు వెంట్రుకలూ కత్తిరించమనేవాడు. నా కుర్చీలో కాకుండా అతను టోపీ తీసేది చర్చిలో, భోజనాల బల్ల దగ్గర, ఆటకి ముందు జాతీయగీతం పాడేటప్పుడు. అంతే. ఇప్పుడు చూడండి, శుక్రవారం శుక్రవారం ఆట జరిగేటప్పుడు మైదానం పక్కన బోడితలతో నిలబడతాడు. దుమ్ము రేగినా, మంచు కురిసినా అంతే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో మొక్కు అనుకుంటారు. మొక్కూ కాదు, పాడూ కాదు. సిగ్గు.

వెండెల్ మా హైస్కూల్లో చరిత్ర పాఠం చెబుతాడు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్స్, అంటే అవతలివాళ్ళని ఆపే పని, చూసుకుంటాడు. మొదటిది జీతం కోసం, రెండోది ప్రాణం కోసం. మా ఊళ్ళో జరిగే ఆటలకి నేను గొలుసు పట్టుకుంటాను. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి కదా, ఆ పది గజాలూ కొలిచే గొలుసు చివరి కర్ర నాది. గొలుసు పట్టినవాడు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, సొంత ఊరి జట్టయినా సరే. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని నిలబడేది అక్కడొక్క చోటే. వెండెల్ సరిగ్గా నా వెనకే అటూ ఇటూ తిరుగుతుంటాడు కాబట్టి, ఆట కళ్ళతో చూసేదానికంటే అతని గొణుగుడు వినేదే ఎక్కువ.

మాకు నలభై మైళ్ళ అవతల ఓక్ క్రాసింగ్ అని ఒక ఊరుంది. వాళ్ళ కుర్రాళ్ళు ఆడుతుంటే ఆటలా ఉండదు, వెనక ఎవరో తరుముతున్నట్టుంటుంది. ప్రతి ప్రయత్నానికీ ముందు మిగతా జట్లు గుంపుగా చేరి గుసగుసలాడుకుంటాయి. వీళ్ళకి ఆ ఊసే లేదు. బంతి నేల మీద పెట్టారో లేదో మళ్ళీ మొదలు. అవతలివాళ్ళు అలిసినవాణ్ణి మార్చుకునేలోపు, ఎవరెక్కడ నిలబడాలో చెప్పుకునేలోపు బంతి చివరి గీత దాటిపోయి ఉంటుంది. ఈ టోపీ సంగతికి రెండేళ్ళ ముందు మా మైదానంలోనే మమ్మల్ని డెబ్బై పాయింట్లతో ఉతికి ఆరేశారు. ఆ గొలుసు మోసుకుంటూ పరిగెత్తి పరిగెత్తి నాకే ఆయాసం వచ్చింది.

అప్పటినుంచి వెండెల్‌కి అదే పిచ్చి. కేఫ్‌లో కూర్చుంటే చాలు, ఉప్పు సీసా ఇటు, మిరియాల సీసా అటు పెట్టి, కాఫీ చల్లారిపోతున్నా పట్టకుండా జరుపుతుండేవాడు. అతను చెప్పేది వినడానికి సులువే. వేగంగా ఆడేవాడితో పోటీపడి పరిగెత్తకూడదు. ఇద్దర్ని బాగా వెనక నిలబెట్టాలి. మూడు గజాలు, నాలుగు గజాలు పోతే పోనివ్వాలి, పెద్ద దెబ్బ మాత్రం తగలనివ్వకూడదు. వాడు గీత చేరడానికి పదిసార్లు ఆడాల్సి వస్తే, ఆ పదింట్లో ఒకసారి వాడే తప్పు చేస్తాడు. బంతితో ఉన్నవాణ్ణి పడగొట్టాక లేవడానికి తొందరేముంది, నింపాదిగా లేవండి అనేవాడు.

చెప్పుకోవడానికి వ్యవధి ఉండదు కాబట్టి ప్రతి ఎత్తుకీ ఒక్క మాటే పేరు పెట్టాడు, అదీ కేఫ్ మెనూలోంచి. ‘బీన్స్’ అంటే అందరూ వెనక్కి. ‘గ్రేవీ’ అంటే ఇద్దరు బంతి విసిరేవాడి మీదికి దూకాలి. ‘పై’ అంటే దూకబోతున్నట్టు కనబడి వెనక్కి తగ్గాలి. ఆగస్టు ఎండలో రెండు జట్లని ఎదురు నిలబెట్టి, ఒకరు ఆడి లేచేలోపు రెండోవాళ్ళు ఆడేట్టు పెట్టి, మా కుర్రాళ్ళకి ఊపిరి సలపనివ్వలేదు. ఇంతకంటే సులువైన దారి ఒకటుందని అతనికి తెలుసు. ఒక కుర్రాడు దెబ్బ తగిలినట్టు పడిపోతే రిఫరీ గడియారం ఆపుతాడు, ఆ సందులో మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకోవచ్చు, మనుషుల్ని మార్చుకోవచ్చు. కొన్ని ఊళ్ళవాళ్ళు చేస్తారని చెప్పుకుంటారు. మా పెద్ద కోచ్ ఆ మాట ఎత్తాడట. వెండెల్ నా కుర్చీలోనే, మెడ మీద సబ్బు నురగతో, “పిల్లాణ్ణి అబద్ధానికి పడుకోబెట్టి గెలవడానికి నేనెందుకయ్యా, ఇసక బస్తా చాలదూ?” అన్నాడు. ఆ మాటకి నేను గర్వపడ్డాను.

ఎందుకంటే మా వైపు ఒక పద్ధతుంది. మైదానంలో ఎవడు పడినా, ఏ ఊరివాడైనా, రెండు జట్ల పిల్లలూ ఉన్నచోటే ఒక మోకాలి మీద కూర్చుంటారు. జనం నోళ్ళు మూసుకుంటారు. పడ్డవాడు లేచేదాకా ఎవరూ కదలరు. మేము అన్ని విషయాల్లోనూ అంత మంచివాళ్ళమేం కాదు, ఈ ఒక్కదాంట్లో మాత్రం వంక పెట్టడానికి లేదు.

అక్టోబరులో ఓక్ క్రాసింగ్ మళ్ళీ మా ఊరొచ్చింది. వెండెల్ చెప్పినట్టే జరిగింది. వాళ్ళు తప్పులు చేశారు. ఆఖరి పావు ఆటలో మేము నాలుగు పాయింట్లు పైనున్నాం. కానీ అప్పటికి మా పిల్లల కాళ్ళలో సత్తువ అయిపోయింది. వాళ్ళు మీదికొస్తూనే ఉన్నారు. ఆట ఆపమని అడిగే అవకాశాలన్నీ వాడేసుకున్నాం. వెండెల్ “బీన్స్, బీన్స్” అని అరుస్తున్నాడు. మావాళ్ళు అటు చూస్తున్నారే గానీ బుర్రకెక్కడం లేదు. ఒకడైతే పక్కకి తిరిగి నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెండెల్ టోపీ తీశాడు. చెమట తుడుచుకుంటాడనుకున్నాను. తుడుచుకోలేదు.

నడిమధ్యలో కాపలా కాసే ఎఫ్రెయిన్ ఒలివారెస్ అటు చూశాడు, చూసి కూలిపోయాడు.

తర్వాత తెలిసింది. ఆటకి ముందు వెండెల్ వాణ్ణి పక్కకి పిలిచి, నేను టోపీ తీస్తే పిక్క పట్టేసిందని కూర్చో, తియ్యనులే, ఊరికే చెప్పి ఉంచుతున్నాను అన్నాడట. ఎఫ్రెయిన్ చెప్పిన మాట వినే పిల్లాడు. కంగారులో పిక్కకి బదులు మోకాలు పట్టుకుని కెవ్వుమన్నాడు. ఫుట్‌బాల్ ఆడేవాడికి మోకాలు పోవడమంటే ఏమిటో మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓక్ క్రాసింగ్ పిల్లలంతా మోకాళ్ళ మీద కూర్చున్నారు. మావాళ్ళూ కూర్చున్నారు. వాడి తల్లి ఇమెల్డా, స్కూల్ వంటింట్లో రోజంతా నిలబడి పనిచేసి రెండు మోకాళ్ళూ వాచిపోయిన మనిషి, మెట్లు దిగి కంచె దాకా వచ్చి జపమాల పట్టుకుని ఆ సిమెంటు మీదే కూలబడింది. నేను కూడా కర్ర పట్టుకుని ఒక మోకాలు వంచాను. నా వెనక వెండెల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. అలవని పిల్లల్ని ముగ్గుర్ని భుజాలు పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఎవరెక్కడ నిలబడాలో చకచకా చెబుతున్నాడు. ఓక్ క్రాసింగ్ కుర్రాళ్ళిద్దరు ఎఫ్రెయిన్‌ని చెరో పక్కా ఎత్తుకుని మైదానం అంచున మా గీత దాకా తెచ్చి దింపి, “ధైర్యంగా ఉండు బ్రో” అని చెప్పి వెళ్ళారు.

ఆ తర్వాత నాలుగు ప్రయత్నాల్లోనూ వాళ్ళు పది గజాలు దాటలేదు. నా గొలుసే కొలిచింది. మేము గెలిచాం. ఊరు ఊరంతా మైదానంలోకి దూకింది. వెండెల్ టోపీ పెట్టుకుని, దాని అంచు కళ్ళ మీదికి లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎఫ్రెయిన్ వాళ్ళింటికి వంటలు బయలుదేరాయి. మా ఊళ్ళో ఒకరికి కష్టమొస్తే మిగతావాళ్ళ పొయ్యిలు ఆగవు. మా ఆవిడ ఎంచిలాడాలు చేసి నా చేతికిచ్చింది. టోపీ తీయగానే వాడు పడటం నేను చూసిన సంగతి ఆమెకి చెప్పలేదు, ఆ పళ్ళెం మోసుకుంటూ వెళ్ళాను. వాళ్ళ బల్ల మీద చోటు లేదు. మాంసం, బీన్స్, పీచ్ పై, అడుగున పేరు రాసిన టేపు అంటించిన గిన్నెలు. అందులో ఒకటి ఓక్ క్రాసింగ్ నుంచి. ఎఫ్రెయిన్‌ని ఎత్తుకొచ్చిన కుర్రాడి తల్లి అంత దూరం స్వయంగా తెచ్చి ఇచ్చి వెళ్ళిందట. ఎఫ్రెయిన్ సోఫాలో ఏ దెబ్బా లేని మోకాలి మీద ఐసు పెట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. తింటావా నాన్నా అని తల్లి అడిగినప్పుడల్లా ఆకలి లేదంటున్నాడు. పెరట్లోకి పోయి ఏడుస్తున్నాడని వాళ్ళ చెల్లెలు నాకు చెప్పింది.

సోమవారం సాయంత్రం వెండెల్ నా కుర్చీలో ఉన్నాడు. క్షవరానికి ఇంకా వారం టైముంది, అయినా వచ్చి కూర్చున్నాడు. నేను కత్తెర తీశాను. అంతలో ఎఫ్రెయిన్ కుంటుకుంటూ వచ్చి, తలుపు మూసి, కుంటడం మానేశాడు.

“సర్, పట్నంలో డాక్టరుకి చూపిస్తానని అమ్మ పట్టుబట్టింది. అందుకని పూర్తిగా తగ్గిపోయిందని ఇంట్లో చెప్పేశాను.”

“పోనీలే, మంచిదైంది.”

“మంచిదేంటి సర్. మొక్కుకుందంట. నా మోకాలు బాగైతే చర్చి గుమ్మం నుంచి బలిపీఠం దాకా మోకాళ్ళ మీద వస్తానని మరియమాతకి మొక్కుకుందంట. ఇవాళ ఆరింటికి వెళ్తానంటోంది. వద్దమ్మా అంటే వినట్లేదు. ఆవిడ మోకాళ్ళు మీరు చూడలేదు సర్.”

వెండెల్ మెడ ఎర్రబడటం నా చేతి కిందే చూశాను. తల కొట్టేసినట్టయిపోయాడు మనిషి. “నువ్వు పద, నేనొచ్చి చెబుతా” అన్నాడు. సగం క్షవరంతోనే లేచాడు. కానీ సరాసరి వెళ్ళలేదు. ముందు పెద్ద కోచ్ దగ్గరికెళ్ళాడు. ఎందుకెళ్ళావని తర్వాత అడిగితే, ఎవరైనా వద్దని ఆపుతారేమో అని వెళ్ళానన్నాడు. ఆపడానికే చూశాడాయన. అందరూ చేసేదే కదా, సీజన్ అయ్యేదాకా నోరు మూసుకుని ఉండు అన్నాడట. ఆ మాటల్లోనే అరగంట పోయింది.

మేము వెళ్ళేదీ ఆ చర్చికే. నేను ముందే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇమెల్డా పని దుస్తుల్లోనే వచ్చింది. గుమ్మం దగ్గర వంగి, గౌను కొంచెం పైకి పట్టుకుని, పలకల మీద మోకాళ్ళు ఆనించింది. ఒక్కో అడుగు జరిగేటప్పుడు పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చుకోవడం వినబడుతోంది. ఎఫ్రెయిన్ పక్కన నడుస్తూ చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు. సగం దూరం వెళ్ళింది. నేను లేచి ఆపాల్సింది. ఆపలేదు. నేను చెప్పాల్సిన మాట కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తలుపు తెరుచుకుంది. వెండెల్ వేరే చర్చివాడు, మా చర్చిలో అడుగుపెట్టడం అదే మొదలు. లోపలికొస్తూనే అలవాటుగా టోపీ తీశాడు.

ఎఫ్రెయిన్ వెనక్కి తిరిగాడు. చేతిలో టోపీ చూశాడు. వాడి మోకాలు దానంతటదే వంగిపోయింది. పడబోయి బెంచీ పట్టుకున్నాడు.

“అయ్యో నాన్నా, మళ్ళీ నొప్పా?” అంది ఇమెల్డా, మోకాళ్ళ మీదే వాడివైపు తిరిగి.

వెండెల్ టోపీని వెనక బెంచీ మీద, నా పక్కన పడేశాడు. వేలు కాలినట్టు పడేశాడు. ముందుకెళ్ళి ఆమె ఎదురుగా నిలబడి, అంతా చెప్పాడు. మెలికలేం తిప్పలేదు, పెద్ద కోచ్ పేరు ఎత్తలేదు. పడమన్నది నేను, వీడిది తప్పు కాదు అన్నాడు.

ఆమె కొడుకుని అడిగింది. “నీ మోకాలికి ఏమీ కాలేదా?”

“లేదమ్మా.”

“అసలెప్పుడూ?”

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఎన్ని వంటలొచ్చాయి, ఎంతమందికి చేతులు జోడించింది, అన్నీ ఆ కళ్ళ వెనక లెక్కకొస్తున్నాయని నాకనిపించింది. తర్వాత బలిపీఠం వైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది.

“ఇమెల్డా గారూ, ఇంకెందుకండీ, లేవండి” అన్నాడు వెండెల్.

“నా కొడుకు మోకాలు బాగుంటే వస్తానన్నాను. బాగుంది. నేను నిజంగానే మొక్కుకున్నాను కోచ్ గారూ.”

అతను ఇక నిలబడలేకపోయాడు. ఆమె వెనకే వంగి, పలకల మీద మోకాళ్ళు ఆనించాడు. కీళ్ళు కటకటలాడాయి. ఆమె వెనక్కి చూడలేదు, ఆగనూ లేదు.

“మీరు లేవండి. ఆ రోజు అందరూ కూర్చుంటే మీరొక్కరే నిలబడ్డారు. ఇవాళా నిలబడండి.”

వెండెల్ బెంచీ పట్టుకుని లేచాడు. ఆమె చివరిదాకా వెళ్ళేవరకు, దడిలో కర్రలా, చేతులేం చేసుకోవాలో తెలియకుండా మధ్యలో నిలబడే ఉన్నాడు.

మర్నాడు ఓక్ క్రాసింగ్ వెళ్ళి, అక్కణ్ణుంచి వచ్చిన ఆ వంట గిన్నె కడిగి తిరిగిచ్చి, వాళ్ళ పిల్లల ముందు కూడా చెప్పాడు. వాళ్ళేమన్నారో నాతో అనలేదు. ఆ టోపీ నేను తెచ్చి సెలూన్‌లో మేకుకి తగిలించాను. నెలకోసారి వచ్చి దాని కిందే కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇమ్మని అడగలేదు, నేనూ ఇస్తాననలేదు.