ఆఖరున మా బోరు

మా పెద్దమ్మతో కలిసి భోజనం చేయాలంటే ఓపిక ఉండాలి. మనం తోమి పెట్టిన కంచాన్ని మళ్ళీ కడుగుతుంది. "నా చేత్తోనే తోమాను పెద్దమ్మా" అంటే, "మరి ఆ చేతిని ఎవరు తోమారు?" అంటుంది. అమ్మకు అక్క కాబట్టి సరిపోయింది గానీ, అత్తగారై ఉంటే ఆ కోడలు ఏనాడో పారిపోయేది.

తప్పు ఆమెది కాదు, ఉద్యోగానిది. మూతపడిన ఫ్యాక్టరీల చుట్టుపక్కల భూమిలో నీళ్ళు పాడయ్యాయేమో చూడటం ఆమె పని. బోరులో నిలవున్న నీటిని ముందు తోడేసి, కొత్త నీరు ఊరాక సన్నటి గొట్టం దించి సీసాలు నింపుతుంది. ఆ గొట్టాన్ని సబ్బుతో తోమి, మామూలు నీళ్ళతో జాడించి, చివర ల్యాబు నీళ్ళతో కడిగితే గానీ ఇంకో బోరులో దించదు. కడిగిన నీళ్ళు నేల మీద పడకూడదు, నీలం డ్రమ్ములోకి పోవాలి. అంతటితో ఊరుకుంటుందా? కడిగిన గొట్టంలోంచి మళ్ళీ ల్యాబు నీళ్ళు పోసి, వాటినీ సీసాలో పట్టి పరీక్షకు పంపుతుంది. తన మీద తనకే అంత అనుమానం. మురికి తక్కువ అనుకున్న బోరు ముందు, ఎక్కువ అనుకున్నది ఆఖరున.

మా సందు చివర ఇనప సామాన్ల జిడ్డు వదిలించి రంగు వేసే ఫ్యాక్టరీ ఒకటి మూతపడి ఉంది. ఆ మధ్య పెద్దమ్మను అక్కడికే పంపారు. ఫ్యాక్టరీకి అందరికంటే మేమే దూరం కాబట్టి మా బోరుతో మొదలుపెట్టింది. ఆ బోరంటే అమ్మకు ప్రాణం. నాన్న పోయే ముందు వేయించిన బోరు అది. ఒక వేసవిలో అందరి బోర్లూ ఎండిపోతే అమ్మ గేటు బయట కుళాయి పెట్టించింది. అప్పటినుంచీ సందు సందంతా మా నీళ్ళే తాగుతోంది.

ఆ రోజు పెద్దమ్మ తెచ్చుకున్న మామూలు నీళ్ళ క్యాను చిల్లుపడి దారిలోనే కారిపోయింది. అమ్మ పెద్ద బకెట్ నింపి తెచ్చింది.

"మన నీళ్ళుండగా వెతుకులాట ఏంటక్కా?"

పెద్దమ్మ కాసేపు తటపటాయించింది. తేటగా ఉన్నాయని నీళ్ళను నమ్మే మనిషి కాదు. కానీ చెల్లెలి నీళ్ళు కదా, తీసుకుంది. రోజంతా వాటితోనే గొట్టం జాడించింది. వెళ్ళబోతూ ఎప్పటిలాగే మా నీళ్ళు గ్లాసుడు తాగి, "అమృతమే" అంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున మళ్ళీ వచ్చింది. ఈసారి వ్యాను నిండా క్యాన్లే.

"ఇవాళ మోటారు వెయ్యకే. నీటిమట్టం కదులుతుంది. బయట కుళాయి కూడా కట్టెయ్" అంది.

"ఏమైందక్కా?"

"గొట్టం కడిగాక పట్టిన సీసాల్లో కెమికల్ తేలింది. అందరివీ మళ్ళీ పట్టాలి."

"అంత కడిగే మనిషివి, నీకే తప్పిందా?" అని అమ్మ నవ్వింది.

పెద్దమ్మ నవ్వలేదు. మా గేటు దాటి పక్కింటికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఒక్కో ఇల్లూ చూసుకుంటూ ఫ్యాక్టరీ గోడ దాకా పోయి, గోడ పక్క బోరు కూడా అయ్యాక మా ఇంటికొచ్చింది. అప్పటికి అమ్మ ఆ రోజు నీళ్ళిచ్చిన బకెట్ ముందేసుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఫ్యాక్టరీ గోడ తర్వాత మాదా అక్కా? మమ్మల్ని ఆఖరున పెట్టావేంటి?"

పెద్దమ్మ చేతి తొడుగులు మార్చుకుంటూ, "రెండోసారి రిపోర్టు వచ్చేదాకా నోరు విప్పొద్దన్నారే" అంది.

నాకు ఒళ్ళు మండింది. సొంత చెల్లెలికి చెబితే ఏం పోయింది? అమ్మ మాత్రం సీసాలు నింపడం అయ్యేదాకా చూసి, నిన్న పట్టిన బిందెలోంచి గ్లాసు ముంచి తెచ్చి అక్కకు అందించింది.

పెద్దమ్మ గ్లాసు అందుకుంది. నీలం డ్రమ్ము మూత తీసి, ఆ నీళ్ళు అందులో పోసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

అమ్మ లోపలికి వెళ్ళి బిందె మోసుకొచ్చి, అదీ డ్రమ్ములోకి వంచింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు నోరు విప్పకు. సందులో వాళ్ళకి నేను చెప్తాను" అని గేటు తీసుకుని పక్కింటికి నడిచింది.