మామ్మ కలిపిన పెరుగన్నం

నా చిన్నప్పుడు తుని దగ్గర మా ఊళ్ళో అడ్డపొగ తాగని ముసలమ్మ కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. అడ్డపొగంటే చుట్టను తిప్పి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా మామ్మ ఆ నిప్పు నోట్లో ఉండగానే బియ్యం ఏరేది, నన్ను తిట్టేది. నాకదెంతో గొప్పగా ఉండేది. బళ్ళో అందరికీ చెప్పుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు ఆవిడ అంగిట్లో పుండు లేచింది. కాకినాడ తీసుకెళ్తే, క్యాన్సర్ బాగా ముదిరిందనీ, ఇక నొప్పి తెలియకుండా చూసుకోవడమేననీ చెప్పి డాక్టరుగారు మందులు రాసిచ్చారు. కొన్నాళ్ళకి పుండు చెంప పగిలి బయటికొచ్చింది. ఇల్లంతా ఒకటే వాసన.

రోజూ బడి నుంచి రాగానే మామ్మ నాకు పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టేది. తను గంజి తప్ప మింగలేని రోజుల్లో కూడా అది మానలేదు. ఒకరోజు చూడ్డానికొచ్చిన చుట్టాలందరి ముందూ నేను ముక్కు మూసుకుని, "ఛీ, కంపు! నాకొద్దు" అనేశాను. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. మామ్మ చేతిలో ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేసింది. మర్నాటి నుంచి అన్నం కలపడం మానేసింది.

పక్కింటి అక్క నర్సు. డ్యూటీ దిగాక రోజూ వచ్చి పుండు కడిగి, వాసన తగ్గడానికి రాసిన మాత్ర నూరి ఆ పొడి చల్లి కట్టు కట్టేది. నొప్పి మాత్రలు మూలిగినప్పుడు కాకుండా టైము చూసి వేయాలని మా నాన్నకి గట్టిగా చెప్పింది. వారం తిరిగేసరికి మామ్మకి కాస్త నిద్ర పట్టింది, వాసనా చాలావరకు తగ్గింది. అయినా నన్ను దగ్గరికి పిలవలేదు.

ఒక సాయంత్రం కట్టు కట్టడం అయ్యాక అక్క పీట వాల్చుకుని కూర్చుంది. "మామ్మగారూ, పొద్దున్నుంచి ఏమీ తినలేదండి. కాస్త పెరుగన్నం కలిపి పెడతారా?" అంది. అది అబద్ధం. అంతకుముందే వాళ్ళింట్లో అక్క అన్నం తినడం నేను చూశాను.

మామ్మ మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి, పెరుగన్నం కలిపి పెట్టింది. అక్క తృప్తిగా తిని, ఒక్క ముద్ద మిగిలుండగా చాలంది. నా వైపు కన్నెత్తైనా చూడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

నేను వెళ్ళి అక్క పక్కన కూర్చుని నోరు తెరిచాను. మామ్మ ముద్దను నా నోటిదాకా తెచ్చి ఆపింది.

"సబ్బుతోనే కడుక్కున్నానే అమ్మా," అంది, పుండు వల్ల నోరు తిరగని మాటల్లోనే. "అప్పుడూ కడుక్కునే పెట్టేదాన్ని."

ఆ తర్వాత మామ్మ రెండు నెలలే ఉంది. రోజూ ఆవిడ చేతి ముద్దే తిన్నాను. కానీ పదేళ్ళ పిల్లనై ఉండి, అంత పెద్ద మనిషి చేత సంజాయిషీ చెప్పించుకున్నాను. ఇప్పటికీ మా పిల్లలకి అన్నం కలపబోతూ సబ్బు చేతిలోకి తీసుకుంటే సిగ్గుతో తల వంగిపోతుంది.