పేరు లేని గిన్నె

రాయపూర్ రాజధాని అయిన కొత్తలో, రైల్వే క్వార్టర్ల దగ్గరున్న మా తెలుగు ప్రార్థన ఇంట్లో నెలకో ఆదివారం అందరం కలిసి భోంచేసేవాళ్లం. ఇంటికో గిన్నె తేవాలి. తిన్నాక ఆడవాళ్లు గిన్నెల మీద చెక్కించిన ఇంటిపేర్లు చదివి ఎవరివి వాళ్లకిచ్చేవారు. నాదొక్కటే చివరిదాకా మిగిలేది, అందరూ వెళ్లాక నేనే తీసుకునేవాణ్ణి. కొన్నప్పుడు దుకాణంవాడు పేరేం చెక్కమంటావని అడిగితే, "నీదే చెక్కుకో భయ్యా, నాకు లేదు" అన్నాను. నాన్నెవరో చెప్పకుండానే అమ్మ పోయింది. నేను ఐదో తరగతితో బడికి దణ్ణంపెట్టి, సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో చేరాను.

"ఇంటిపేరేంటి బాబూ?" అనడిగితే, "టాటీబంధ్ వాళ్లమండీ" అనేవాణ్ణి. నా అద్దె గది అక్కడే. అందరూ నవ్వేవారు, ఇళ్లకు పోయేవారు. ఒక్కరైనా నన్ను మనవాడు అంటారేమోనని చూసేవాణ్ణి.

ఒక భోజనాల ఆదివారం బైబిల్లోని మెల్కీసెదెకు పాఠం వచ్చింది. తండ్రి లేడు, తల్లి లేదు, వంశావళి లేదు, అయినా యాజకుడు. ఎవరీయన? దేవదూత అన్నారొకరు. క్రీస్తు నీడ అన్నారింకొకరు.

"పాపం, ఈయనక్కూడా రేషన్ కార్డు ఇచ్చుండరు" అన్నాను.

సంఘపెద్ద కళ్లజోడు సర్దుకున్నారు. "మజాక్ చాలు. అర్థం చెప్పు."

"నాకేం తెలుసండీ. అబ్రాహాము యుద్ధం చేసి అలసిపోయి వస్తే, ఈయన రొట్టె పట్టుకుని ఎదురెళ్లాడు. తినేముందు అబ్రాహాము ఆయన ఇంటిపేరు అడగలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజు డ్యూటీకి వేళయిందని, గిన్నె వదిలేసి బస్సెక్కేశాను.

మరుసటి వారం, రొట్టె పంచే ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ తీసేసరికి, రొట్టె నా గిన్నెలో ఉంది. అంచున సొట్ట చూసి పోల్చుకున్నాను.

ఆరాధన అయ్యాక పెద్దగారి భార్యను అడిగాను. "ఈ గిన్నె ఎక్కడిదమ్మా?"

"పేరు లేదుగా, చర్చిదే అనుకున్నాం. ఎందుకు, నీదా ఏంటి?"

నాదంటే ఆవిడ నొచ్చుకుని, కడిగి, తుడిచి చేతిలో పెట్టేస్తుంది.

"కాదమ్మా. మనదే" అన్నాను.

"సరే అయితే" అని, దాన్ని చర్చి బీరువాలో పెట్టి తాళం వేసిందావిడ.

టాటీబంధ్‌లో దిగి గదికెళ్లాను. ఉన్న ఒక్క గిన్నె చర్చిలో ఉంది కాబట్టి, అన్నం కుక్కర్లోంచే తిన్నాను.