డాక్టరమ్మ తనకు తానే పెట్టుకున్న పరీక్ష

పోయిన మంగళవారం పొద్దున నేను వేరుశెనగ మండీ తాళం తీస్తుండగా మద్దిలేటి ఆటో వచ్చి ఆగింది. ఇంజను ఆపకుండానే, “అన్నా, మేడమ్ పాయె” అన్నాడు. తీసిన తాళం మళ్లీ వేసి ఇంటికి నడిచాను. ఇంట్లో నా భార్యకు చెప్పాలి. ఇంట్లో జొన్న కూడా ఉంది.

జొన్న డాక్టరమ్మ పెంచిన కుక్క. అది మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెబితే ఆమె ఎలాంటి మనిషో మీకు కొంతైనా తెలుస్తుంది. పొగడటం నాకు చేతకాదు. మండీలో రోజువారీ లెక్కలు రాసుకునేవాణ్ణి, చూసింది మాత్రం రాయగలను.

ఆమె పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక కూడా కోడుమూరులోనే ఉండిపోయారు. ఊళ్లో ఎవరి దగ్గర అక్కరలేని కుక్కపిల్ల ఉన్నా గోనెసంచిలో తెచ్చి ఆమె గేటు దగ్గర వదిలిపోయేవారు. ఆమె వాటిని సాకి, అడిగినవాళ్లకు ఇచ్చేవారు. అయితే ఊరికే ఇచ్చేవారు కాదు. కావాలన్నవాళ్లు ఆదివారాలు ఆమె వాకిట్లోకి వచ్చి నేర్చుకోవాలి. టీకాలు ఎప్పుడు వేయించాలి, తాడు పట్టుకుని సంతలో ఎట్లా నడిపించాలి, అది తినేటప్పుడు పిల్లలను ఎందుకు దూరంగా ఉంచాలి, కరిస్తే సబ్బుతో కడిగి పసరు మందుకు కాకుండా ఆసుపత్రికి ఎందుకు పరుగెత్తాలి, అన్నీ చెప్పేవారు. తర్వాత పరీక్ష.

“కుక్కపిల్లకు ఇన్ని ప్రశ్నలా! మా మామ పిల్లనిచ్చేటప్పుడు గూడ ఇన్ని అడగల్యా మేడమ్” అన్నాడు మద్దిలేటి ఒకసారి.

“అడిగింటే నీకు ఇచ్చేటోడే కాదు గదప్పా” అన్నారామె. వాకిలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మద్దిలేటే నవ్వాడు.

ఆ పరీక్షలో చివరిది, చెప్పకుండా మధ్యాహ్నపు ఎండలో ఇంటికి వచ్చి చూడటం. మా వైపు ఇంటి ముందు నాపబండలు పరిపించుకోవడం గొప్ప. ఆ బండల మీదే, వీధిలో పోయేవాళ్లకు కనబడేటట్టు కుక్కను కట్టేస్తారు. పొద్దున నీడగానే ఉంటుంది, మధ్యాహ్నానికి అదే పెనం. మద్దిలేటి కూడా కొత్త బండలు పరిపించి, మధ్యలో రింగు కొట్టించి, కుక్కపిల్ల కోసం ఎదురుచూస్తున్నాడు. నేను ఆమె వెంట వెళ్లాను.

“బండలు శానా బాగుండాయి మద్దిలేటీ. చెప్పులు ఇడ్సి రింగు కాడ నిలబడు.”

నిలబడ్డాడు. వెంటనే కాళ్లు మార్చి మార్చి ఎగరసాగాడు. “కాలుతాంది మేడమ్!”

“నువ్వు ఎగురుతాండావు. కట్టేసినది యాడికి ఎగరల్లప్పా?”

అతను తలెత్తి చూసేసరికి ఆమె కూడా చెప్పులు విడిచి పక్కనే నిలబడి ఉన్నారు. ఆ వారంలోనే అక్కడ పందిరి లేచింది. ఆ తర్వాతే కుక్కపిల్లనిచ్చారు.

అందరినీ మొదట అడిగే ప్రశ్న మాత్రం ఇది: “మీ ఇంట్లో కుక్క వద్దనే మనిషి ఎవరు?” ఒక్కరున్నా ఇచ్చేవారు కాదు. “వద్దన్న మనిషి చేతికే ఎప్పుడో ఒకప్పుడు దాని కూటి గిన్నె పోతాది” అనేవారు.

మా ఇంట్లో ఆ మనిషి నా భార్య. చిన్నప్పుడు ఆమె తమ్ముణ్ణి కుక్క కరిస్తే పసరు పోయించి ఊరుకున్నారు. పిల్లవాడు దక్కలేదు. అందుకే నేను ఏనాడూ కుక్కపిల్లను అడగలేదు. ఆదివారాలు వెళ్లి తొట్లలో నీళ్లు పోసి, సూది వేసేటప్పుడు కుక్కలను పట్టుకుని వచ్చేసేవాణ్ణి. సంగతి తెలిసే, ఎందుకు అడగవని డాక్టరమ్మ కూడా అడగలేదు.

నిరుడు ఆమెకు మూత్రపిండాలు చెడిపోయాయి. డయాలసిస్ కోసం మాటిమాటికీ కర్నూలు వెళ్లాల్సి వచ్చింది. ఒక ఆదివారం కుర్చీలో కూర్చుని, “ఈ పొద్దు పరీక్ష నాకు. అడగండి” అన్నారు. జొన్న ఆమె కాళ్ల దగ్గర చెవి గోక్కుంటోంది.

“అడుగు మద్దిలేటీ. నీ కసి తీర్చుకో.”

మద్దిలేటి నేల చూస్తూ అడిగాడు. “మీరు ఊరికి పోతే... దానికి కూడెవరు పెడతారు మేడమ్?”

“పక్కింటామె. ఆయమ్మ మర్చిపోయిన దినం ఎవరూ లేరు.”

“అది ఇంకా ముసల్దయితే?”

“అప్పటికి నేనుండను.” జొన్న తల మీద చేయి వేసి, “ఇట్ల చెప్పినోళ్లకు నేను కుక్కనిస్తానా? ఫెయిలైనా. దీన్ని ఎవరికైనా ఇచ్చేయల్ల. తీసుకునేటోళ్లకు పరీక్ష మాత్రం అదే” అన్నారు.

జొన్నకు వయసు మీరింది, ఒక కంట్లో పొర. వచ్చినవాళ్లందరికీ కుక్కపిల్లలే కావాలి. ఆదివారాలు గడుస్తున్నాయి, ఆమె పాదాల వాపు పెరుగుతోంది. ఇదంతా నేను ఇంట్లో చెప్పాను, అంతే. నా భార్య ఆరిన బట్టలు మడతపెడుతూ విన్నది.

“ఆయమ్మకు ఇంక ఎన్నాళ్లుండాదంట?”

“డాక్టర్లు చెప్పల్యా.”

తర్వాతి ఆదివారం తనూ చెప్పులు వేసుకుని నాతో బయలుదేరింది. వాకిట్లో దూరంగా, గోడకు ఆనుకుని నిలబడింది.

“నీకు వద్దు గదమ్మా?” అని అడిగారు డాక్టరమ్మ.

“వద్దనే అనుకుంటి మేడమ్. మా తమ్మున్ని కరిచినప్పుడు మాకు చెప్పేటోళ్లు ఉండింటే...” అక్కడ ఆగిపోయింది. “భయం పోతాదని చెప్పలేను. నేర్పితే నేర్చుకుంటా.”

మొదటి పాఠం, కదలకుండా కూర్చోవడం. కుక్కే దగ్గరికి రావాలి. జొన్న వచ్చేది, తను చేయి వెనక్కి తీసుకునేది. మళ్లీ ఆదివారమూ అంతే. చివరికి ఒకనాడు చేయి వెనక్కి తీసుకోలేదు. డాక్టరమ్మ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మద్దిలేటి భుజం పట్టుకుని ఎండలో మా ఇంటికీ వచ్చారు, అన్నీ చూశారు. “పాసమ్మా” అన్నారు నా భార్యతో. “ఇంక నేను ఈడికి రాను. వస్తాంటే అది నాకోసరమే గేటు కాడ కూచుంటాది.”

అన్నట్టే రాలేదు. కర్నూలు వెళ్లే రోజుల్లో మా వీధే దగ్గరి దారి. అయినా చుట్టూ తిప్పించేవారట. మద్దిలేటి గొణిగితే, “ఆటో నీది, దావ నాది. పోనీ” అనేవారట. జొన్న కొన్నాళ్లు గేటు దగ్గరే కూర్చుంది. తర్వాత వంటింటి గడప దగ్గరికి మారింది.

మంగళవారం నేను సంగతి చెప్పగానే నా భార్య తాడు అందుకుంది.

“దాన్నీ తీసుకపోదాం.”

“కలవనీయద్దని ఆయమ్మే గదా...”

“ఇంక ఎదురుచూసే పని లేదు గదయ్యా.”

వాకిట్లో జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. డాక్టరమ్మను అప్పటికే పాడె మీద పడుకోబెట్టారు. జొన్న ఆమె పాదాలను చాలాసేపు వాసన చూసింది. తోక ఒకసారి కదిలింది. ఇక అక్కడినుంచి రాదేమో, లాక్కుని రావలసి వస్తుందేమో అని నేను భయపడ్డాను. అది తల ఎత్తింది. కనబడే కంటితో జనంలో వెతుక్కుంటూ వచ్చి, నా భార్య పక్కన, నేలకు జారిన చీర కుచ్చెళ్ల మీద కూర్చుంది.

డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది. మగవాళ్లం వెంట నడిచాం, ఆడవాళ్లు గేటు దాకా వచ్చి ఆగారు. మలుపు దగ్గర నేను వెనక్కి చూశాను. ఖాళీ అయిన వాకిట్లో నా భార్య ఒక్కతే, కుచ్చెళ్లు కదిలితే జొన్న లేస్తుందని, అడుగు తీయకుండా నిలబడి ఉంది.